'లోలెవల్' అంటే దేనికంటే కింద? వంతెన నుంచి కోర్టు దాకా ఒకే మాటకు ఎన్ని అర్థాలు

వానాకాలంలో మీరు జహీరాబాద్‌లో ఉన్నా, ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉన్నా, పొద్దున్నే ఫోన్‌కు వచ్చే అలర్టులు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. 'లోలెవల్ వంతెనపై రాకపోకలు బంద్'. 'కింది స్థాయి గాలుల ప్రభావంతో వర్షాలు'. 'లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి'. వాటి కింద ఇంకో వార్త: 'నిర్లక్ష్యం వహించిన కింది స్థాయి సిబ్బందిపై చర్యలు'.

నాలుగింటిలోనూ ఉన్నది ఒకటే మాట. ఇంగ్లిష్‌లో 'లో లెవెల్' అన్నదాన్నే ఒకచోట అలాగే వాడుతున్నాం, ఇంకోచోట 'కింది స్థాయి' అంటున్నాం, మరోచోట 'దిగువ' అంటున్నాం. కానీ నాలుగింటి అర్థం ఒకటి కాదు. వంతెన విషయంలో ఈ మాట ప్రాణానికి సంబంధించిన హెచ్చరిక. గాలుల విషయంలో అది ఎత్తు కొలత. ఉద్యోగి విషయంలో హోదా. 'లో' అనగానే 'చిన్నది, పట్టించుకోనక్కర్లేనిది' అనుకుంటే కొన్నిచోట్ల నష్టమే జరుగుతుంది.

క్లుప్తంగా

- 'లోలెవల్' అనే మాటకు సొంతంగా కొలత లేదు. ఏదో ఒక గీతతో పోల్చి చెప్పేదే అది. ఆ గీత ఏదో తెలిస్తేనే అర్థం తెలుస్తుంది.
- వంతెనకు ఆ గీత వరద మట్టం. ప్లాట్‌ఫాంకు రైలు పట్టా. ఉద్యోగికి అధికారుల వరుస. ల్యాబ్ రిపోర్టుకు సాధారణ పరిమితి.
- 'లో' అంటే ప్రమాదం తక్కువ అని కాదు. వంతెన, కరెంటు తీగ, జ్వరం విషయాల్లో ఈ పొరపాటే ఎక్కువగా జరుగుతుంది.

ఎత్తున ఉన్న ఊళ్లో లోతట్టు ఎక్కడిది?

జహీరాబాద్ సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైన ఉంది. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న హుస్సేన్‌సాగర్ పూర్తి మట్టం 513.41 మీటర్లు. అంటే హుస్సేన్‌సాగర్ నీటి కంటే జహీరాబాద్ నేల 80 మీటర్లకు పైగా ఎత్తు. అలాంటప్పుడు ఇక్కడ 'లోతట్టు ప్రాంతం' అనే మాట ఎందుకు వినిపిస్తుంది?

ఎందుకంటే వాననీటికి సముద్ర మట్టంతో పని లేదు. నీరు పల్లమెరుగు. పక్క వీధి కంటే మీ వీధి రెండడుగులు కిందికి ఉంటే చాలు, నీళ్లు అటే వస్తాయి. నాలా పక్కన, చెరువు మత్తడి కింద, రోడ్డును ఎత్తు చేయడంతో గుంతలో పడిపోయిన పాత ఇళ్ల వరుసలో నీళ్లు నిలుస్తాయి. కాబట్టి 'లోతట్టు' అని హెచ్చరిక వచ్చినప్పుడు చూడాల్సింది మీ ఊరి ఎత్తు కాదు, మీ ఇంటి చుట్టుపక్కల వాలు. పోయిన వానల్లో మీ గడప దాకా నీళ్లు వచ్చి ఉంటే ఆ హెచ్చరిక మీకే.

'దిగువ' అనే మాట కూడా ఇలాంటిదే. జహీరాబాద్ వైపు నుంచి నారింజ వాగు నీళ్లు కర్ణాటకలోని బీదర్ జిల్లాలోకి పోయి మంజీరలో కలుస్తాయి. మంజీర మళ్లీ సంగారెడ్డి జిల్లాలోకి వచ్చి సింగూరు జలాశయానికి చేరుతుంది. నారింజ లెక్కన బీదర్ మనకు దిగువ. మంజీర లెక్కన సింగూరు బీదర్‌కు దిగువ. ఒకే జిల్లాలో ఒక మూల ఎగువ, ఇంకో మూల దిగువ. 'దిగువ ప్రాంతాలకు హెచ్చరిక' అని చదివితే ముందు ఏ వాగుకో, ఏ ప్రాజెక్టుకో చూసుకోవాలి.

లోలెవల్ వంతెన: మునగడానికే కట్టినది

తెలుగు వార్తల్లో ఈ మాట ఎక్కువగా కనిపించేది వంతెనల దగ్గరే. ఇంజినీర్ల లెక్కలో హైలెవల్ వంతెనకు, లోలెవల్ వంతెనకు మధ్య గీత ఒకటే. వాగులో ఇప్పటిదాకా నమోదైన లేదా లెక్కగట్టిన అత్యధిక వరద మట్టం అది. ఆ మట్టానికి పైన, ఇంకొంత ఖాళీ వదిలి రోడ్డు వేస్తే హైలెవల్ వంతెన. ఆ మట్టానికి కిందే రోడ్డు వేస్తే లోలెవల్ వంతెన. కాజ్‌వే కూడా ఈ కోవలోదే. మామూలు రోజుల్లో నీళ్లు కింద ఉన్న తూముల్లోంచి పోతాయి. పెద్ద వరద వస్తే రోడ్డు మీదుగా పోతాయి.

అంటే వరద వచ్చినప్పుడు లోలెవల్ వంతెన మునగడం దాని లోపం కాదు. అలా మునగాలనే దాన్ని కట్టారు. మన ప్రాంతంలో చాలా వాగులు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటాయి. కొన్ని రోజుల వరద కోసం ఎత్తైన వంతెన, రెండు వైపులా పొడవాటి అప్రోచ్ రోడ్లు కట్టాలంటే ఖర్చు చాలా ఎక్కువ. అందుకే తక్కువ ఖర్చులో పని అయ్యేలా, వరద రోజుల్లో రాకపోకలు ఆపేయవచ్చనే లెక్కతో వీటిని కట్టారు.

ఈ వంతెనలకు పక్క గోడలు, రెయిలింగ్‌లు సరిగా లేవని చాలామంది ఫిర్యాదు చేస్తారు. దానికీ ఒక కారణం ఉంది. గట్టి గోడ ఉంటే వరదలో కొట్టుకొచ్చే చెట్లు, చెత్త అక్కడ చిక్కుకుని నీటిని అడ్డుకుంటాయి. ఆ ఒత్తిడికి వంతెనే కొట్టుకుపోవచ్చు. అందుకే చాలాచోట్ల పొట్టి రాళ్లు, విడిగా నిలబెట్టిన స్తంభాలు మాత్రమే ఉంటాయి. నీళ్లు పైకి వచ్చాక రోడ్డు అంచు ఎక్కడుందో చెప్పే గుర్తు అవే. అవి కూడా కనిపించడం లేదంటే రోడ్డు మీద ఎంత లోతు నీరుందో, కింద రోడ్డు అసలు ఉందో లేదో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు.

ఎంత నీరు ఉంటే ప్రమాదం?

వేగంగా పారే నీటిలో అర అడుగు, అంటే 15 సెంటీమీటర్ల లోతు చాలు, పెద్దవాళ్లు కూడా కాలు నిలదొక్కుకోలేరు. ఒక అడుగు నీటికి చిన్న కారు తేలిపోవడం మొదలవుతుంది. రెండు అడుగులకు పెద్ద వాహనాలు కూడా కొట్టుకుపోతాయి.

బండి బరువుగా ఉంది కదా, ఎలా తేలుతుంది అనే అనుమానం సహజం. కారు లోపల ఉండేది ఎక్కువగా గాలే. చుట్టూ నీరు పెరిగేకొద్దీ ఆ నీరు కారును పైకి లేపుతుంది. టైర్లకు రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. ఇక పక్క నుంచి వచ్చే ప్రవాహం తోసేస్తుంది. పైగా ప్రవాహ వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. 'పొద్దున ఇంతే నీళ్లున్నప్పుడు దాటాను' అనే అనుభవం సాయంత్రానికి పనికిరాదు.

2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు ఉప్పొంగి ఒక కారు కొట్టుకుపోయింది. అందులో ఉన్న ఇద్దరూ చనిపోయారు. నగరంలో ఉన్నవాళ్లకూ ఇది దూరం సంగతి కాదు. హైదరాబాద్‌లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తి ఎక్కువ నీరు వదిలిన ప్రతిసారీ మూసీ మీద చాదర్‌ఘాట్ లోలెవల్ వంతెన, మూసారాంబాగ్ వంతెన వార్తల్లోకి వస్తూ వచ్చాయి. 2022 జులైలో మూసారాంబాగ్ వంతెనను ఇలాగే మూసేశారు. 2025 సెప్టెంబరు చివరి వారంలో వచ్చిన వరదకు రెండుచోట్లా రాకపోకలు ఆగడమే కాదు, ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకీ నీళ్లు వచ్చాయి.

వంతెన దగ్గర మీరు చేయాల్సింది

- రోడ్డు మీదుగా నీళ్లు పారుతుంటే దాటొద్దు. పోలీసులు బారికేడ్ పెట్టలేదంటే దాటొచ్చని అర్థం కాదు, వాళ్లింకా అక్కడికి చేరి ఉండకపోవచ్చు.
- ముందు బండి దాటింది కదా అని వెనకాలే పోవద్దు. లారీకి సరిపడే లోతు బైకుకు ఎక్కువ.
- మ్యాప్ యాప్ చూపించే దగ్గరి దారిని వాన రోజున గుడ్డిగా నమ్మొద్దు. వాగు పొంగిన సంగతి యాప్‌కు వెంటనే తెలియకపోవచ్చు. జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెలకు వెళ్లేవాళ్లు అవతలి ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి కనుక్కోవడం మేలు.
- నీరు తగ్గగానే బయలుదేరొద్దు. స్లాబు కింద మట్టి కొట్టుకుపోయి ఉండొచ్చు.
- ఎవరైనా చిక్కుకుంటే 112కు ఫోన్ చేయండి. ఈత రాకపోతే నీళ్లలోకి దిగకుండా తాడు, పొడవాటి కర్ర లాంటివి అందించండి.

హైలెవల్ వంతెన కావాలంటే ఎవరిని అడగాలి?

ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలియాలి. మండలాలను, పట్టణాలను కలిపే రోడ్లు ఎక్కువగా రోడ్లు భవనాల శాఖవి. పల్లెల మధ్య రోడ్లు చాలావరకు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానివి. పట్టణం లోపలివి మున్సిపాలిటీవి. జహీరాబాద్ మీదుగా పోయే 65వ నంబరు లాంటి జాతీయ రహదారులది వేరే వ్యవస్థ. ఎవరిదో తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి, సంబంధిత శాఖకు పంపుతారు.

'వంతెన బాగోలేదు' అని రాస్తే సరిపోదు. గత రెండు మూడు వానాకాలాల్లో ఏ తేదీల్లో దారి మూసుకుపోయింది, ఎన్ని గంటలు, ఎన్ని ఊళ్లు తెగిపోయాయి, స్కూలు పిల్లలు, గర్భిణులు ఎంత దూరం చుట్టి పోవాల్సి వచ్చింది రాయండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తెలిసే ఫొటో జతచేయండి. లోలెవల్ వంతెన కట్టింది 'కొన్ని రోజులు ఆగినా ఫర్వాలేదు' అనే లెక్కతో కాబట్టి, ఇప్పుడు ఆ లెక్క మారిందని చూపించడమే మీ అర్జీ చేయాల్సిన పని.

లోలెవల్ కాలువ: ఇక్కడ 'లో' ఉంటేనే లాభం

వంతెనకు 'లో' ఉండటం ఇబ్బంది. కాలువకు అదే ఒక్కోసారి మేలు. కర్నూలు, అనంతపురం వార్తల్లో ఎల్లెల్సీ, హెచ్చెల్సీ అనే మాటలు తరచూ కనిపిస్తాయి. తుంగభద్ర డ్యాం కుడివైపు నుంచి వచ్చే రెండు కాలువలివి. ఎల్లెల్సీ అంటే లోలెవల్ కెనాల్, తెలుగులో దిగువ కాలువ. హెచ్చెల్సీ అంటే హైలెవల్ కెనాల్, ఎగువ కాలువ.

ఎగువ కాలువ జలాశయంలో ఎక్కువ ఎత్తులో మొదలవుతుంది కాబట్టి అనంతపురం వైపున్న ఎత్తైన మెట్ట నేలలకు నీరు తీసుకుపోగలదు. కానీ జలాశయంలో నీటి మట్టం పడిపోతే ముందు నీరు అందనిది దానికే. దిగువ కాలువ తూము కింద ఉంటుంది. అది ఆదోని, మంత్రాలయం, ఎమ్మిగనూరు వైపు పల్లపు నేలలకే నీరివ్వగలదు, కానీ మట్టం తగ్గినా ఇంకొన్నాళ్లు తీసుకోగలదు. బచావత్ ట్రైబ్యునల్ కేటాయింపుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఎగువ కాలువ కింద 32.5 టీఎంసీలు, దిగువ కాలువ కింద 24 టీఎంసీలు వచ్చాయి. ఇక్కడ 'లో' అంటే తక్కువ రకం కాలువ అని కాదు, తక్కువ ఎత్తులో మొదలయ్యే కాలువ అని.

జలాశయాల అంకెలూ ఇలాగే చదవాలి. సింగూరు పూర్తి నీటి మట్టం 523.6 మీటర్లు, నిల్వ సుమారు 29.9 టీఎంసీలు. మట్టం 520 మీటర్లకు వచ్చిందని వార్త వస్తే అక్కడ 520 మీటర్ల లోతు నీరుందని కాదు, ఆ నీటి పైభాగం సముద్ర మట్టానికి అంత ఎత్తులో ఉందని. 523.6తో పోల్చి చూస్తేనే నీళ్లు ఎంత తగ్గాయో తెలుస్తుంది.

'కింది స్థాయి గాలులు' నేల మీదివేనా?

కాదు. హైదరాబాద్ వాతావరణ కేంద్రం బులెటిన్లలో 'కింది స్థాయి గాలులు' అంటే సాధారణంగా సముద్ర మట్టానికి ఒకటి, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో వీచే గాలులు. వాతావరణం పై పొరలతో పోలిస్తే అది కింది పొర. సముద్రం నుంచి తేమను మోసుకొచ్చేవి ఎక్కువగా ఇవే కాబట్టి వాటి దిశను ప్రత్యేకంగా చెబుతారు.

దీనికి తిరగబడిన మాట 'ఉపరితల ఆవర్తనం'. ఉపరితలం అంటే పైభాగం, నేల మీద అని చాలామంది అనుకుంటారు. ఇంగ్లిష్‌లో దీన్ని పై గాలిలోని ఆవర్తనం అంటారు. అందుకే అదే బులెటిన్‌లో 'సముద్ర మట్టానికి 3.1 కిలోమీటర్ల ఎత్తులో' లాంటి అంకె కూడా ఉంటుంది.

ఇక 'అల్పపీడనం'లో అల్పమైనది గాలి ఒత్తిడి, వాన కాదు. అది బలపడితే తీవ్ర అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అవుతుంది. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు చేరితే తుపాను. కానీ వానకు ఆ మెట్లన్నీ ఎక్కాల్సిన పని లేదు, మామూలు అల్పపీడనంతోనే భారీ వర్షం పడొచ్చు. కాబట్టి పేరు కన్నా వాన అంచనా చూడండి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం.

కింది స్థాయి ఉద్యోగి: హోదాలో కింద, జనానికి దగ్గర

మాలాంటి డెస్కుల్లో పనిచేసేవాళ్లు ఆలోచించకుండా వాడే మాట ఇది. ఆఫీసులో వరుస చెప్పడానికి 'కింది స్థాయి' అంటే తప్పు లేదు. కానీ అదే మాట మనిషి విలువ చెప్పినట్టు వినిపిస్తుంది. ప్రభుత్వ లెక్కల్లోనే ఇలాంటి పేర్లు మారాయి. ఒకప్పటి అటెండరు ఇప్పుడు ఆఫీస్ సబార్డినేట్. కేంద్ర ప్రభుత్వంలో ఆరో వేతన సంఘం తర్వాత గ్రూప్ డి అనే తరగతినే తీసేసి గ్రూప్ సిలో కలిపారు. పత్రికల్లోనూ ఈ మధ్య 'క్షేత్ర స్థాయి సిబ్బంది' అనే మాట పెరిగింది. పని జరిగే చోటే ఉండేవాళ్లు అని దాని అర్థం.

పౌరుడి వైపు నుంచి చూస్తే ఆ స్థాయి చిన్నది కాదు. తెలంగాణలో 2020లో వీఆర్వో వ్యవస్థను రద్దు చేశాక పల్లెలో భూమి వ్యవహారం అడగడానికి దగ్గరలో మనిషి లేకుండా పోయాడని చాలామంది రైతులు అన్నారు. 2025లో భూభారతి చట్టం అమల్లోకి వచ్చాక, అదే ఏడాది సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులను నియమించారు. ఆ మెట్టు తీసేసి ఐదేళ్ల తర్వాత మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

కింది మెట్టు దగ్గర పని కాకపోతే పైకి వెళ్లే దారి కూడా రాసి ఉంటుంది. రెవెన్యూలో అయితే తహసీల్దారు, జహీరాబాద్‌లో ఆర్డీఓ, సంగారెడ్డిలో కలెక్టర్. సమాచార హక్కు చట్టం దీనికి మంచి ఉదాహరణ:

- దరఖాస్తు పౌర సమాచార అధికారికి ఇవ్వాలి. మామూలుగా 30 రోజుల్లో సమాధానం రావాలి.
- రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు.
- అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.
- కారణం లేకుండా సమాచారం ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు.

'నేను చిన్న ఉద్యోగిని, నాకు తెలియదు' అంటే ఈ చట్టం ఒప్పుకోదు. అడిగింది వేరే శాఖ సమాచారమైతే ఐదు రోజుల్లో ఆ శాఖకు పంపాల్సిందే.

లంచం అడిగితే స్థాయితో పని లేదు. ఏసీబీ నంబరు 1064.

'దిగువ కోర్టు' అనొచ్చా?

'దిగువ కోర్టు తీర్పును హైకోర్టు కొట్టేసింది'. ఇది రోజూ కనిపించే వాక్యం. కానీ 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసు విచారణలో, విచారణ కోర్టులను 'లోయర్ కోర్టు' అనడం మానేయాలని తన రిజిస్ట్రీకే చెప్పింది. అక్కడి నుంచి తెప్పించే రికార్డును కూడా 'ట్రయల్ కోర్టు రికార్డు' అనే పిలవాలంది.

రాజ్యాంగంలో 233 నుంచి 237 దాకా ఉన్న అధికరణాల అధ్యాయం పేరులో 'సబార్డినేట్ కోర్టులు' అనే ఉంది. అంటే పాలనాపరంగా హైకోర్టు కింద ఉండటం నిజం. కానీ తీర్పు ఇవ్వడంలో ఆ జడ్జి ఎవరికీ కింది ఉద్యోగి కాదు. సాక్షులను చూసేది, వాంగ్మూలం రాసుకునేది, పత్రాలు స్వీకరించేది అక్కడే. పై కోర్టు తర్వాత చదివేది చాలావరకు ఆ రికార్డునే. జహీరాబాద్ కోర్టులో మీ కేసు ఉంటే 'ఇది కింది కోర్టే కదా, హైకోర్టులో చూసుకుందాం' అని వాయిదాలు ఎగ్గొట్టొద్దు. ఇక్కడ చెప్పని సాక్ష్యాన్ని అప్పీల్లో కొత్తగా చెప్పడానికి అంత తేలిగ్గా ఒప్పుకోరు.

లో టెన్షన్ తీగ, లో వోల్టేజీ కరెంటు

ఈ రెండింటినీ కలిపేయొద్దు. లో టెన్షన్ అంటే 11,000 వోల్టుల లైను కంటే తక్కువ అని మాత్రమే. ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత మన వీధిలోకి వచ్చే ఎల్‌టీ తీగలో ఒక ఫేజుకు 230 వోల్టులు, మూడు ఫేజుల మధ్య సుమారు 400 వోల్టులు ఉంటాయి. మనిషిని చంపడానికి అది చాలు. వానలో తెగిపడిన తీగ 'ఎల్‌టీదే' అని దగ్గరికి వెళ్లొద్దు. తడిసిన స్తంభాన్ని, దాని సపోర్టు తీగను ముట్టుకోవద్దు.

లో వోల్టేజీ అంటే రావాల్సిన దానికంటే తక్కువ రావడం. 230 వోల్టులకు 6 శాతం అటూఇటూ, అంటే సుమారు 216 నుంచి 244 మధ్య ఉండాలి. రోజూ సాయంత్రం ఫ్యాన్ నెమ్మదించి, మోటారు మూలుగుతుంటే ఫిర్యాదు చేయొచ్చు. రెండింటికీ నంబరు 1912.

లోలెవల్ ప్లాట్‌ఫాం

రైల్వేలో కొలత పట్టా పైభాగం నుంచి మొదలవుతుంది. 455 మిల్లీమీటర్ల ఎత్తు దాకా ఉంటే లోలెవల్ ప్లాట్‌ఫాం. 760 నుంచి 840 మిల్లీమీటర్లు ఉంటే హైలెవల్. రైలు పెట్టె ఫ్లోరు దానికంటే కూడా ఎత్తు కాబట్టి లోలెవల్ ప్లాట్‌ఫాం నుంచి ఎక్కాలంటే మెట్లు ఎక్కువ. పెద్దవాళ్లు, గర్భిణులు, లగేజీ ఉన్నవాళ్లకు రెండు నిమిషాల హాల్ట్‌లో అది కష్టమే. వికారాబాద్–పర్లి మార్గంలో ఉన్న జహీరాబాద్ స్టేషన్ అమృత్ భారత్ స్టేషన్ల జాబితాలో ఉంది. ఏ స్టేషన్‌లోనైనా ఇలాంటి ఇబ్బంది ఉంటే 139కు చెప్పొచ్చు. కదిలే రైలు నుంచి లోలెవల్ ప్లాట్‌ఫాం మీదికి దిగడం మాత్రం వద్దే వద్దు.

ల్యాబ్ రిపోర్టులో 'లో', ఒంట్లో 'స్వల్ప' జ్వరం

రిపోర్టులో 'లో' అని ఉంటే పక్కనే ఉన్న సాధారణ పరిమితి చూడాలి. హిమోగ్లోబిన్ 11.5 ఉంటే గర్భిణికి అది రక్తహీనత కాదు, గర్భం లేని మహిళకు రక్తహీనతే. గర్భిణులకు గీత 11 గ్రాములు, మిగతా మహిళలకు 12, మగవాళ్లకు 13. షుగర్ 70 కంటే తగ్గితే 'లో'. ఇది వెంటనే పట్టించుకోవాల్సిన 'లో'. మత్తుగా, చెమటలు పడుతూ ఉంటే, మింగగలిగే స్థితిలో ఉంటే ముందు తీపి ఇవ్వాలి.

'స్వల్ప జ్వరమే' అనే మాట కూడా జాగ్రత్తగా వాడాలి. రెండు వారాలకు పైగా దగ్గు, సాయంత్రమయ్యేసరికి కొద్దిపాటి జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్ష, మందులు ఉచితం.

కంప్యూటర్‌లో, ఆకాశంలో

కంప్యూటర్ చదువుకునే పిల్లలు 'లోలెవల్ లాంగ్వేజ్' అంటే తేలికైనది అనుకుంటే పొరపాటే. మెషిన్ కోడ్, అసెంబ్లీ భాషలు లోలెవల్. మనిషి మాటకు దూరం, యంత్రానికి దగ్గర. రాయడం కష్టం, కానీ చిప్‌తో నేరుగా పని చేయించవచ్చు. పైథాన్, జావా లాంటివి హైలెవల్.

జహీరాబాద్ వాళ్లకు తెలిసిన ఇంకో వాడుక ఆకాశంలో వినిపిస్తుంది. పక్కనే ఉన్న బీదర్ వైమానిక స్థావరంలో హాక్ జెట్‌ల మీద పైలట్లకు శిక్షణ ఇస్తారు. 'లోలెవల్ ఫ్లయింగ్' అంటే నేలకు దగ్గరగా, వేగంగా ఎగరడం. పొరపాటును సరిదిద్దుకునే సమయం తక్కువ కాబట్టి పైలట్‌కు అది కష్టమైన పని.

ఏ సందర్భానికి ఏ మాట?

- వంతెన, కాజ్‌వే: లోలెవల్ అనే అంటాం, అందరికీ తెలిసిన మాట
- నీళ్లు నిలిచే చోటు: లోతట్టు, పల్లపు
- నది, కాలువ: దిగువ
- గాలులు: కింది స్థాయి
- పీడనం, ఆదాయం: అల్ప
- జ్వరం, గాయం: స్వల్ప
- వోల్టేజీ, హిమోగ్లోబిన్: తక్కువ
- ఉద్యోగులు: క్షేత్ర స్థాయి
- కోర్టు: విచారణ కోర్టు, ట్రయల్ కోర్టు

చదివేటప్పుడు మూడు ప్రశ్నలు

ఈసారి అలర్టులో 'లో', 'దిగువ', 'కింది స్థాయి' అని కనిపిస్తే ఈ మూడూ అడగండి. దేనికంటే కింద? ఆ కొలత దేనిది: ఎత్తుదా, ఒత్తిడిదా, హోదాదా? దాంతో నేను ఇప్పుడు చేయాల్సింది ఏమైనా ఉందా? గాలుల వార్తకు మూడో ప్రశ్నకు జవాబు గొడుగు పట్టుకెళ్లడం కావచ్చు. వంతెన వార్తకు మాత్రం జవాబు ఒకటే: బండి వెనక్కి తిప్పడం.

దగ్గర ఉంచుకోవాల్సిన నంబర్లు: అత్యవసరం 112, అంబులెన్స్ 108, కరెంటు 1912, రైల్వే 139, ఏసీబీ 1064.